కిరణానికి కొలత ఉంది, మాటకి లేదా?

క్యాన్సర్ ఆసుపత్రిలో కరెంటు పెట్టే ముందు పెద్ద లెక్కే జరుగుతుంది. స్కాన్ తీస్తారు. గడ్డ ఎక్కడుంది, ఎంత లోతులో ఉంది, పక్కన పేగు ఉందా, మూత్రసంచి ఉందా, వెన్నుపాము ఉందా అని మిల్లీమీటర్లలో చూస్తారు. ఏ వైపు నుంచి ఎంత కిరణం పోవాలో చదువుకున్న మనిషి కంప్యూటరు ముందు కూర్చుని లెక్క కడతాడు. రాములమ్మకి వేసిన లెక్క సోమమ్మకి పనికిరాదు. ఒక్కో ఒంటికి ఒక్కో కొలత. ఇది మంచి పద్ధతి. దీన్ని మేము తప్పుపట్టడం లేదు.

అదే మనిషికి చెప్పే మాట దగ్గరికొచ్చేసరికి ఈ కొలతలన్నీ ఏమైపోతున్నాయి? అందరికీ ఒకే కాగితం. అందరికీ అవే నాలుగు ముక్కలు. ‘‘రోజూ రావాలి, గుర్తులు చెరపొద్దు, బలమైన ఆహారం తినాలి, ఏదైనా ఉంటే చెప్పాలి.’’ చదువుకున్న ఉద్యోగికీ అదే, జీవితంలో పలక పట్టని కూలి మనిషికీ అదే. ఇంట్లో ఫ్రిజ్జు ఉన్నవాళ్ళకీ అదే, గుడిసెలో కుండ కూడా సరిగా లేనివాళ్ళకీ అదే. వొంటికి కొలత తీసిన డాక్టరు మనిషి బతుక్కి కొలత తీయడు. మేము అడిగేది ఇదే.

గత కొన్నేళ్ళుగా మా ప్రాంతంలోని వాడల నుంచి రోగులకి తోడుగా మేము పెద్దాసుపత్రులకి పోతున్నాం. హైదరాబాదు పోయాం, విశాఖ పోయాం, ప్రైవేటు ఆసుపత్రులకీ పోయాం. ఈ వ్యాసంలో ఏ ఒక్క ఆసుపత్రి పేరూ చెప్పబోవడం లేదు. ఒక చోటి జబ్బు కాదిది. వైద్యం చేసేవాళ్ళ ఆలోచనలోనే ఉన్న జబ్బు.

చెప్పకపోతే ఏమవుతుంది?

చెప్పకపోతే ఏమవుతుందిలే, వైద్యం జరుగుతుంది కదా అనుకునేవాళ్ళున్నారు. వాళ్ళకి జవాబు చెప్పాలి.

రేడియేషన్ ఒక్కరోజు ఆపరేషన్ కాదు. గర్భసంచి ముఖద్వార క్యాన్సర్‌కి సాధారణంగా వారానికి 5 రోజుల చొప్పున 25 లేక 28 రోజులు బయటినుంచి పెడతారు. వారానికోసారి చిన్న మోతాదులో కీమో మందు ఎక్కిస్తారు. ఆ తర్వాత లోపలినుంచి పెట్టే రేడియేషన్ కొన్నిసార్లు ఉంటుంది. అంతా కలిపి 8 వారాల్లో, అంటే 56 రోజుల్లో ముగియాలి. నోటి క్యాన్సర్‌కి 6, 7 వారాలు పడుతుంది. మధ్యలో రోజులు పోయేకొద్దీ గడ్డ మళ్ళీ తలెత్తే అవకాశం పెరుగుతుంది. డాక్టర్లందరికీ తెలిసిన సంగతే ఇది. మరి రోగికి తెలుసా? ‘‘రోజూ రా’’ అన్నారు గానీ ‘‘ఎందుకు రావాలి’’ అన్నది ఎవరు చెప్పారు?

పత్తి తీతలొచ్చాయి. మిరప కోతలొచ్చాయి. ఏడాదిలో నాలుగు డబ్బులు కళ్ళజూసేది ఆ రోజుల్లోనే. పైగా 12, 13 సిట్టింగులయ్యేసరికి నెత్తురు పోవడం తగ్గుతుంది, నొప్పి తగ్గుతుంది. ‘‘నయమైంది కదా, ఒక పది రోజులు చేలోకి పోయొచ్చి మళ్ళీ పెట్టించుకుంటాను’’ అని ఆమె ఇంటికి వచ్చేస్తుంది. ఆమెది మూర్ఖత్వమా? కాదు. తనకి తెలిసినంతలో సరిగ్గా లెక్క వేసుకుంది. లెక్కకి కావాల్సిన అసలు అంకె ఆమెకి ఎవరూ ఇవ్వలేదు. పది రోజుల తర్వాత పోతే ‘‘ఇన్నాళ్ళు ఏం చేశావ్?’’ అని తిడతారు. ఆ తిట్టే సమయంలో సగం మొదటి రోజు చెప్పడానికి పెట్టుంటే ఆమె వచ్చేది కాదా?

ఇంకా ఘోరం లోపలి రేడియేషన్ సంగతి. బయటి కరెంటు 25 అయిపోతుంది. ‘‘అయిపోయింది’’ అని ఎవరో అంటారు. మనవాళ్ళు మొత్తం వైద్యమే అయిపోయిందనుకుని మూటాముల్లె సర్దుకుని బస్సెక్కుతారు. గర్భసంచి ముఖద్వార క్యాన్సర్‌ని గట్టిగా దెబ్బకొట్టేది ఆ లోపలి రేడియేషనే. అది లేకుండా వదిలేస్తే బతికే అవకాశం బాగా తగ్గిపోతుంది. కొందరు ఉండి కూడా పారిపోతారు. ఎందుకు పోరు? మర్మస్థానంలోకి గొట్టాలు పెడతారని, కదలకుండా పడుకోవాలని, యంత్రం నడిచే ఆ కొద్ది నిమిషాలు గదిలో ఒక్కతే ఉండాలని, మత్తు గానీ నొప్పి తెలియకుండా మందు గానీ ఇస్తారని, బయటినుంచి తనని కెమెరాలో చూస్తూనే ఉంటారని ముందుగా ఒక ఆడమనిషి పక్కన కూర్చుని చెప్పిందా? చెప్పకుండా బల్ల మీద పడుకోమంటే ఏ ఆడది భయపడదు?

కాబట్టి చెప్పడం మర్యాద కోసం చేసే పని కాదు. చెప్పడం వైద్యంలో భాగం. మందు సగం ఇస్తే తప్పెట్లాగో మాట సగం చెప్తే తప్పూ అట్లాగే.

‘కరెంటు’ అనే మాట

మన ఊళ్ళల్లో రేడియేషన్ని ‘కరెంటు పెట్టడం’ అంటారు. ఆసుపత్రి వాళ్ళు కూడా అదే అంటారు. జనం మాట వాడారు, సంతోషమే. అయితే ఆ మాట మనవాళ్ళ బుర్రలో ఏం బొమ్మ గీస్తుందో ఎవరూ అడగరు. కరెంటంటే మనకి తెలిసింది చేలో మోటారు దగ్గర షాక్ కొట్టి చచ్చిన మనిషి. తీగ తెగిపడి చచ్చిన గేదె. బల్ల మీద పడుకోబెట్టి, తలుపేసి, అందరూ బయటికి పోయి ‘‘కరెంటు పెడుతున్నాం’’ అంటే ముసలామె గుండె ఆగిపోదా?

దానికి విరుగుడుగా పుస్తకాల తెలుగు తెస్తారు. ‘రేడియోధార్మిక చికిత్స’, ‘శ్లేష్మపొర వాపు’, ‘దుష్ప్రభావాలు’. ఇది తెలుగే గానీ మన తెలుగు కాదు. ఇంగ్లీషు కాగితానికీ దీనికీ తేడా అక్షరాల్లోనే ఉంది. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్ళలో అక్షరాలొచ్చినవాళ్ళు నూటికి 59 మంది. అంటే పదిమందిలో నలుగురికి రాదు. యాభై, అరవై దాటిన కూలి ఆడవాళ్ళని, అందులో మన వాడల్లోని వాళ్ళని లెక్కేస్తే ఇంకెంతమందికి రాదో ఊహించుకోండి. ఈ జబ్బులు ఎక్కువగా వచ్చేది ఆ వయసులోనే. కాగితం ఎవరి కోసం అచ్చేసినట్టు?

ఇప్పుడు కొత్తగా గోడ మీద గళ్ళ బొమ్మ అంటిస్తున్నారు. సెల్లు పెడితే వీడియో వస్తుందట. సెల్లు కొడుకు జేబులో ఉంటుంది. కొడుకు పనిలో ఉంటాడు. అమ్మ ఆ గళ్ళ బొమ్మ కింద కూర్చుని ఉంటుంది.

మన మాటలో చెప్పడం కష్టమేం కాదు. ‘‘అమ్మా, ఇది షాక్ కొట్టే కరెంటు కాదు. కాలు విరిగితే తీసే ఎక్స్‌రే ఉంది చూడు, దాని జాతిదే, ఇంకా బలమైంది. కంటికి కనపడదు, ఒంటికి తగిలినట్టుండదు, నొప్పి ఉండదు. యంత్రం చప్పుడు చేస్తుంది, చుట్టూ తిరుగుతుంది, నిన్ను తాకదు. కొన్ని నిమిషాలే. మేము పక్కగదిలో ఉండి నిన్ను చూస్తూనే ఉంటాం. చెయ్యి ఎత్తితే ఆపి లోపలికి వస్తాం.’’ ఇంతే. ఈ నాలుగు మాటలకి నిమిషం పట్టదు. నోటి క్యాన్సర్ వాళ్ళకి ముఖం కదలకుండా వలలాంటి అచ్చు బిగిస్తారు. దాన్ని ముందురోజు చేతికిచ్చి ‘‘పట్టుకుని చూడన్నా, బొక్కలున్నాయి, ఊపిరాడుతుంది’’ అంటే సగం భయం అక్కడే పోతుంది.

ఆస్ట్రేలియాలో రొమ్ము క్యాన్సర్ ఉన్న ఆడవాళ్ళతో ఒక పరీక్ష చేశారు. కొలతలు తీసే రోజుకి ముందోసారి, వైద్యం మొదలయ్యే ముందోసారి యంత్రం నడిపే టెక్నీషియన్లే పక్కన కూర్చుని మాట్లాడారు. ఆ ఆడవాళ్ళలో ఆందోళన తగ్గింది. అక్కడ చదువుకున్న ఆడవాళ్ళకే ఇది అవసరమైతే, మన ఆడవాళ్ళకి ఎంత అవసరం?

మన ఇంట్లో రెండో గ్లాసు

మిత్రులారా, ఒక చేదు సంగతి మాట్లాడుకోవాలి. హోటళ్ళలో మనకి వేరే గ్లాసు పెడితే మనం కొట్లాడాం. దెబ్బలు తిన్నాం, కేసులు పెట్టించుకున్నాం. ఇవాళ మన వాడల్లో, మన ఇళ్ళల్లోనే కరెంటు పెట్టించుకుని వచ్చిన మనిషికి వేరే పళ్ళెం, వేరే గ్లాసు, వేరే చాప. మనవడిని దగ్గరికి రానివ్వరు. ‘‘ఒంట్లో కరెంటు ఉంది, పిల్లోడికి తగుల్తుంది’’ అంటారు. అంటరానితనం తెలిసిన మనమే మన తల్లిని అంటరానిదాన్ని చేసి అరుగు మీద పడుకోబెడుతున్నాం.

ఇది ఇంటివాళ్ళ కాఠిన్యం కాదు, తెలియనితనం. తెలియజెప్పాల్సినవాళ్ళు చెప్పని తనం. బయటినుంచి పెట్టే రేడియేషన్ ఒంట్లో మిగలదు. ఆ సిట్టింగు ముగిశాక మనిషిలో కిరణం ఏదీ ఉండదు. గర్భసంచి క్యాన్సర్‌కి లోపలినుంచి పెట్టేటప్పుడు కూడా సిట్టింగు కాగానే కిరణమిచ్చే గింజ వెనక్కి యంత్రంలోకి పోతుంది. ఆమె పిల్లల్ని ఎత్తుకోవచ్చు, ఒకే కంచంలో తినొచ్చు, పక్కన పడుకోవచ్చు. క్యాన్సర్ అంటువ్యాధి కూడా కాదు. థైరాయిడ్ క్యాన్సర్‌కి తాగించే అయోడిన్ మందులాంటి కొన్ని వైద్యాలకి మాత్రం కొద్దిరోజులు దూరంగా ఉండే నియమాలున్నాయి. అట్లాంటివాళ్ళకి ఆసుపత్రివాళ్ళు విడిగా చెప్పాలి. మిగతావాళ్ళకి ఆ నియమాలేవీ లేవు.

గర్భసంచి ముఖద్వార క్యాన్సర్ వచ్చిన ఆడదాని మీద ఇంకో నింద కూడా ఉంది. ‘తిరిగింది కాబట్టి వచ్చింది’ అని. ఈ జబ్బుకి మూలం హెచ్‌.పి.వి. అనే వైరస్. కాపురం చేసే ఆడామగా చాలామందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు అది సోకి, ఎక్కువమందిలో దానంతటదే పోతుంది. కొందరిలో ఏళ్ళతరబడి ఉండిపోయి జబ్బు చేస్తుంది. భర్త ఒక్కడితోనే బతికిన ఆడదానికీ వస్తుంది. ఈ మాట ఆమెతో పాటు భర్తకీ అత్తకీ చెప్పాలి. చెప్పకపోతే ఆమె ఇల్లు విడిచి కూర్చోవాల్సి వస్తుంది.

కాగితంలో రాసిన బతుకు ఎవరిది?

కాగితంలో ఉన్న సలహాలు ఒక్కొక్కటే తీసి మన వాడలో పెట్టి చూద్దాం.

‘నీళ్ళు బాగా తాగి, మూత్రం ఆపుకుని రండి’ అని ఉంటుంది. పొత్తికడుపుకి రేడియేషన్ పెట్టేటప్పుడు మూత్రసంచి నిండుగా ఉంటే పేగుల్ని పైకి నెట్టి కిరణం దారిలోనుంచి తప్పిస్తుంది. మంచి కారణమే. మన ఆడవాళ్ళు బస్సెక్కే రోజున నీళ్ళు ముట్టరు. ఎందుకంటే దారిలో పోవడానికి చోటుండదు, బస్టాండులో ఉన్నది పోయేట్టు ఉండదు. ఆసుపత్రంటే పరగడుపునే పోవాలన్న అలవాటు ఒకటి. కాబట్టి చెప్పాల్సింది ‘నీళ్ళు తాగి రండి’ అని కాదు. ‘‘ఇక్కడికొచ్చాక, నీ వంతు ఇంత టైముకి వస్తుందని చెప్తాం, అప్పుడు మరుగుదొడ్డికి పోయొచ్చి ఇన్ని గ్లాసులు తాగు, పేగుకి దెబ్బ తగలకుండా ఉండటానికి’’ అని చెప్పాలి. ఆ నీళ్ళు ఆసుపత్రిలో ఉండాలి కూడా.

‘బలమైన ఆహారం తినండి’ అని ఉంటుంది. కింద యాపిలు, బాదం, డబ్బాపొడి. ఎవరింటి వంట ఇది? మన ఇంట్లో బలమైన కూడు లేదా? గుడ్డుంది, పప్పుంది, రాగిజావ ఉంది, పెరుగుంది, చేపలున్నాయి, పెద్దకూర ఉంది. పెద్దకూర పేరు మాత్రం ఏ కాగితంలోనూ కనపడదు. మనవాళ్ళకి అందే ధరలో మాంసకృత్తులు దొరికేది అందులోనే. వైద్యం నడిచే రోజుల్లో బరువు తగ్గకుండా చూసుకోవాలని డాక్టర్లే అంటారు. ఆ రోజుల్లో మనిషి ఏం తింటాడో అడగడానికి సిగ్గెందుకు? ‘‘మెత్తగా ఉడకబెట్టి, కారం తగ్గించి, చారు చేసి ఇవ్వండి. ఎండుతునకలు ఇప్పుడొద్దు, నోరు పుండ్లుగా ఉంటే గుచ్చుకుంటాయి’’ అని చెప్తే మన కూడు మన వైద్యంలోకి వచ్చినట్టు. చెప్పకపోతే పథ్యం పెత్తనం చేస్తుంది. ‘గుడ్డు తింటే చీము పడుతుంది, పప్పు తింటే చీము పడుతుంది’ అని మనవాళ్ళు రోగిని బీరకాయ, రొట్టె మీద ఉంచి ఎముకల గూడు చేస్తున్నారు. కొలత తీసే వైద్యం మన పథ్యం గురించి కూడా అడగాలి. పొత్తికడుపుకి పెట్టినవాళ్ళకి విరేచనాలైతే ఏం తగ్గించాలో, ఉప్పు-చక్కెర నీళ్ళ పొట్లం ఎట్లా కలపాలో చేసి చూపించాలి.

‘పొగాకు మానండి’ అని ఉంటుంది. ఉత్తరాంధ్ర పల్లెల్లో ఆడవాళ్ళు నిప్పు లోపలుంచుకుని చుట్ట కాలుస్తారు. అడ్డపొగ. దానివల్ల అంగిలికి క్యాన్సర్ వస్తుందని వైద్య పత్రికలు దశాబ్దాలుగా రాస్తున్నాయి. కాగితం మీద మాత్రం సిగరెట్టు బొమ్మే ఉంటుంది. ఆమె ఎప్పుడూ సిగరెట్టు తాగలేదు కదా! గుట్కా, జర్దా, నశ్యం, పళ్ళకి రుద్దే పొగాకు పొడి, కిళ్ళీలో పొగాకు, అడ్డపొగ, ఒక్కొక్కటీ పేరుపెట్టి చెప్పాలి. కరెంటు పెట్టే రోజుల్లో పొగ తాగితే వైద్యం సరిగా పనిచేయదనీ, నోటిపుండ్లు ముదురుతాయనీ చెప్పాలి. యాభై ఏళ్ళ అలవాటు ఒక్క మాటతో పోదు. తిట్టకుండా మానిపించే మనిషి కావాలి.

‘చర్మాన్ని జాగ్రత్తగా చూసుకోండి’ అని ఉంటుంది. మనవాళ్ళ జాగ్రత్త ఏంటి? పసుపు పూస్తారు, వేపాకు నూరి పట్టిస్తారు, జండూబామ్ రాస్తారు, కాపడం పెడతారు. కిరణం తగిలిన చోట ఇవన్నీ చేటే. ఆసుపత్రి ఇచ్చిన మందు తప్ప ఏదీ రాయొద్దని, మామూలు నీళ్ళు మెల్లగా పోసుకుని అద్దుకోవాలని, ఎండ తగలనివ్వొద్దని విడమరిచి చెప్పాలి. రొమ్ముకి పెట్టించుకున్నామెకి ‘వదులైన నూలు బట్టలు వేసుకో’ అంటారు. బిగుతు జాకెట్టు తప్ప ఏమీ లేని మనిషి ఏం చేస్తుంది? చేలో పత్తి తీసేటప్పుడు పైన వేసుకునే మగవాళ్ళ పాత నూలుచొక్కా ఉంటుంది. ఉతికి అది వేసుకో అంటే సరిపోతుంది. ఆ చొక్కా సంగతి తెలియాలంటే ఆ మనిషి ఏం పని చేస్తుందో అడగాలి.

పళ్ళ సంగతీ అంతే. నోటికి, దవడకి రేడియేషన్ పెట్టేముందు పుచ్చిపోయిన పళ్ళు తీయించి, పుండు మాననివ్వాలి. పెట్టాక ఏళ్ళు గడిచినా దవడ ఎముక మునుపటిలా మానదు. ఊళ్ళో ఎవరి దగ్గరో పన్ను పీకించుకుంటే ఎముక కుళ్ళే ప్రమాదముంది. ‘జీవితాంతం పంటి డాక్టరుకి ఈ మాట చెప్పు’ అన్నది పచ్చబొట్టులా గుర్తుండేట్టు చెప్పాలి. ఊళ్ళో ఆర్‌.ఎం.పి.కి కూడా తెలియాలి. ఎందుకంటే శని, ఆదివారాల్లో మనవాళ్ళు పరుగెత్తేది ఆయన దగ్గరికే.

ఇంకో ముఖ్యమైన సంగతి. మొదటి వారం ఏమీ తెలియదు. బాధలు రెండో, మూడో వారంలో మొదలై చివరికి పెరుగుతాయి. వైద్యం ముగిశాక కూడా ఒకటి రెండు వారాలు ఉండి ఆ తర్వాత తగ్గుతాయి. ఇది ముందే తెలిసిన మనిషి ‘‘చెప్పినట్టే జరుగుతోంది’’ అని ఓర్చుకుంటుంది. తెలియని మనిషి ‘‘వైద్యం వికటించింది’’ అని ఆపేస్తుంది. బాధ ఒకటే, కథ రెండు రకాలు. జ్వరం, చలి వచ్చినా, నెత్తురు ఎక్కువ పోయినా, గుటక దిగకపోయినా, విరేచనాలు ఆగకపోయినా ఆ పూటే రావాలన్నది కూడా చెప్పాలి.

ఎవరికి చెప్తున్నారు?

జబ్బు ఆమెది. చెప్పేది మాత్రం భర్తకి, కొడుక్కి. ‘‘పేషెంటుకి చెప్పకండి, భయపడుతుంది’’ అని వరండాలో గుసగుస. కాపురం గురించి, ముట్టు ఆగిపోవడం గురించి, ఇక పిల్లలు పుట్టకపోవడం గురించి, వైద్యం తర్వాత యోనిదారి మూసుకుపోకుండా వాడాల్సిన సాధనం గురించి ఆమెతో ఎవరూ మాట్లాడరు. సంతకం కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. వేలిముద్ర వేయిస్తారు. బొటనవేలు తీసుకోవడం మనకి కొత్త కథ కాదు.

2008లో సమీరా కోహ్లి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రోగి అంగీకారమంటే తగినంత సమాచారం తెలుసుకుని ఇచ్చిందే అంగీకారమని. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రోగుల హక్కుల పత్రం తయారు చేసింది. అందులో 17 హక్కులున్నాయి. వివక్ష లేకుండా వైద్యం పొందడం ఒక హక్కు. రోగికి తెలియజెప్పడం ఇంకో హక్కు. అంటే మేము దానం అడగడం లేదు.

‘వాళ్ళకి చెప్పినా అర్థం కాదు’

ఇది మేము ఎక్కువగా విన్న జవాబు. ఈ మాట మన తాతలు కూడా విన్నారు, బడి గడప దగ్గర. ఏ పంటకి ఏ మందు ఎంత కలపాలో, ఏ కార్తెలో ఏ గింజ వేయాలో, ఎవరి దగ్గర ఎన్ని రోజుల కూలి బాకీ ఉందో కాగితం లేకుండా చెప్పే మనిషికి 25 రోజుల లెక్క అర్థం కాదా? ‘‘ఏమ్మా, అర్థమైందా?’’ అంటే ‘‘ఆఁ, అయింది సారూ’’ అంటుంది. పెద్దవాళ్ళ ముందు మనకి నేర్పిన జవాబు అది. అట్లా కాదు, ‘‘నేను సరిగా చెప్పానో లేదో చూసుకుంటాను, ఇంటికి పోయి మీవాళ్ళకి ఏం చెప్తావో ఒకసారి చెప్పమ్మా’’ అని అడగాలి. ఆమె చెప్పేదాంట్లో తప్పుంటే అది చెప్పినవాడి తప్పు. మళ్ళీ చెప్పాలి.

‘టైము లేదు’ అన్నది రెండో జవాబు. ఇందులో నిజముంది. రోగులెక్కువ, సిబ్బంది తక్కువ. అయినా చెప్పేది డాక్టరొక్కడేనా? యంత్రం దగ్గరి టెక్నీషియన్ మనిషిని 25 రోజులు చూస్తాడు. నర్సులున్నారు. ఊళ్ళో ఆశా కార్యకర్త ఉంది. అన్నిటికీ మించి, ఆ వైద్యం దాటి బతికిన మనిషి ఉంది. ఆమె చెప్పినట్టు ఎవరు చెప్పగలరు?

ఒక హెచ్చరిక కూడా చేస్తున్నాం. మనిషిని బట్టి చెప్పాలంటే ‘పేదవాళ్ళు కదా, కొంచెం చెప్తే చాలు’ అని కాదు. చీర చూసి, కులం పేరు చూసి, వాడ పేరు చూసి ఊహించడం కొలత కాదు, వివక్షే. కొలత అంటే అడగడం. ఏం పని చేస్తావు? ఇంట్లో ఎవరున్నారు? ఇన్ని వారాలు ఎక్కడ పడుకుంటావు? ఏం తింటావు? మరుగుదొడ్డి ఉందా? చదివే మనవరాలుందా? ఎంతవరకు తెలుసుకోవాలనుకుంటున్నావు? తెలుగు రాని లంబాడా మనిషికి, కోయ మనిషికి, ఉర్దూ మాట్లాడే మనిషికి వాళ్ళ భాషలో అడగాలి.

మేము కోరుతున్నది

2007లో ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ వచ్చింది. తెలంగాణలో ఆ పేరుతోనే నడుస్తోంది, ఆంధ్రలో 2024 నుంచి ఎన్టీఆర్ వైద్యసేవ అయింది. యంత్రానికి డబ్బు కడుతున్నారు. మాటకి కూడా కట్టాలి. అందుకని:

1. రేడియేషన్ పెట్టే ప్రతి ఆసుపత్రిలో, మొదలుపెట్టే ముందు రోగితో, తోడొచ్చినవాళ్ళతో కూర్చుని మాట్లాడటం వైద్యంలో భాగంగా రాయాలి. దానికి మనిషిని వేయాలి. ఆడవాళ్ళకి ఆడమనిషే చెప్పాలి.

2. కాగితంతో పాటు బొమ్మలు, నోటిమాట రికార్డు ఇవ్వాలి. అచ్చేసేముందు కూలి ఆడవాళ్ళకి వినిపించి, వాళ్ళకి తెలియని మాటలు తీసేయాలి.

3. అంగీకార పత్రం రోగి భాషలో చదివి వినిపించాకే వేలిముద్ర తీసుకోవాలి.

4. ఆహారం కాగితంలో మన కూడు పేర్లు ఉండాలి. పెద్దకూర, చేపలు, జావ, గంజి అన్నీ.

5. రోజూ వచ్చిపోలేని వాళ్ళకి వైద్యం ముగిసేదాకా ఉండటానికి చోటు, తిండి ఇవ్వాలి. చోటు చూపకుండా ‘రోజూ రా’ అనడం సలహా కాదు, శిక్ష.

సంఘాల పని కూడా ఉంది. ప్రతి మండలంలో ఒకరిద్దరు కార్యకర్తలు ఈ విషయాలు నేర్చుకోవాలి. రైళ్ళలో వైద్యానికి పోయే క్యాన్సర్ రోగికి స్లీపరు తరగతిలో టికెట్టు ఉచితం, తోడు పోయేవాళ్ళకి 75 శాతం రాయితీ ఉంది. ఆసుపత్రి ఇచ్చే ఫారం చూపించాలి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సు ఉచితం. ఇవి తెలియక అప్పులు చేసేవాళ్ళున్నారు, చెప్పండి. మధ్యలో ఆపేసి వచ్చినవాళ్ళు వాడలో ఉంటే తిట్టకండి, వెంటబెట్టుకుని మళ్ళీ తీసుకుపోండి. ఆ రోజు పోయింది కదా అని వదిలేయకండి, ఎంత తొందరగా పోతే అంత మంచిది, పోయిన రోజులకి ఏం చేయాలో డాక్టర్లు లెక్క చూస్తారు. నయమై వచ్చిన అక్కల్ని సంఘం మీటింగుల్లో మాట్లాడించండి. వాళ్ళకి వేరే గ్లాసు పెట్టిన ఇంటికి పోయి ఆ గ్లాసులో మీరు మంచినీళ్ళు తాగండి. వంద ఉపన్యాసాలకంటే అది బాగా పనిచేస్తుంది.

ఈసారి ఆసుపత్రికి పోయినప్పుడు ‘‘ఆఁ, అర్థమైంది సారూ’’ అనకండి. ‘‘అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి’’ అనండి. ఆయన విసుక్కున్నా సరే, అర్థమయ్యేదాకా అడగండి.